రువోత్ కాలి కింద పుండు

జూన్ 10, సోమవారం

రువోత్ కుంటుతున్నాడు.

రోజూ తలుపు తీయగానే నాకంటే ముందు గడప దాటేవాడు. ఇవాళ కుడికాలు పొట్టలోకి ముడుచుకుని ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఒళ్ళో పడుకోబెట్టుకుని చూశాను. పాదం కింద నడిమధ్యన చిక్కుడు గింజంత నల్లటి పెచ్చు, చుట్టూ వాపు. ముట్టుకుంటే వేడిగా ఉంది. లోపల చీము గడ్డకట్టింది. మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్ళు కట్లు కట్టిన నర్సుని, ఇదేమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

అయినా చెప్పడానికి దిగాడు మా మరిది ఒబియెరో. కంచె అవతలే అతని ఇల్లు. నా పొయ్యి పొగ ఎటు పోతుందో కూడా ఆ మనిషికి కావాలి. గుమ్మం బయటే నిలబడ్డాడు. పోయిన ఆగస్టు నుంచి నా గడప తొక్కడు, అదొక పంతం. కోడి కాలు చూసి తల పంకించాడు.

"చెప్పానా వదినా? అన్న పిలుస్తున్నాడు దాన్ని. కాలు పట్టుకుని లాగుతున్నాడు."

జన్మలో ఎవరి కాళ్ళూ పట్టుకోని మనిషి, ఇప్పుడు కోడి కాలు పట్టుకుంటాడట!

ఒబియెరో పాట పాతదే. మా లువో తెగ వాళ్ళలో ఇంటి యజమాని పోతే, చూడవచ్చిన జనం తిరిగి వెళ్ళే రోజున అతని పుంజును నిప్పుల మీద కాల్చి అన్నదమ్ములు తినాలి. అప్పుడే ఆ ఇంటికి తన యజమాని లేడని తెలుస్తుందట. ఇంటికి తెలియడానికి దానికేమన్నా చెవులున్నాయా? ఆ రోజు రువోత్‌ను బట్టల బుట్టలో పెట్టి, పైన నా చర్చి పాటల గౌను కప్పాను. వాళ్ళు పెరడంతా గాలించి, చివరికి సంతలో ఎవరిదో పుంజును కొనుక్కొచ్చి కాల్చుకు తిన్నారు. తిన్నారు కదా, ఇంకేం కావాలి? పది నెలలుగా ఒబియెరోది ఒకటే గోల. ఎవరి కోడినో తిన్నాం, మా అన్న కోడి ఇంకా నిలబడే ఉంది అని.

నిలబడే ఉంటుంది. దాన్ని పిల్లప్పుడు చొక్కా జేబులో వేసుకొచ్చి రువోత్ అని పేరు పెట్టింది వాళ్ళ అన్నే. రువోత్ అంటే దొర. దొరను ఎవరైనా కాల్చుకు తింటారా?

జూన్ 11, మంగళవారం

గోరువెచ్చని ఉప్పునీళ్ళలో ఇరవై నిమిషాలు కాలు నానబెట్టాను. తువ్వాలు చుట్టి చంకలో ఇరికించుకుంటే కిక్కురుమనలేదు. పెచ్చు లేపితే లోపల నుంచి పసుపుపచ్చగా, గట్టిగా, చింతగింజంత ముద్ద ఊడి వచ్చింది. దాని వెనక రక్తం. శుభ్రంగా కడిగి, అయోడిన్ పూసి, పైన తేనె పట్టించి కట్టు కట్టాను. కట్టు ఎంత కుదురుగా ఉందంటే ఆసుపత్రిలో కొత్త పిల్లలకు చూపించవచ్చు.

సాయంత్రం మొక్కజొన్న పిండితో ఉగాలి ముద్ద, ఒమెనా చేపల కూర. పిండి రెండు కప్పులు, ఎప్పటిలాగే. రువోత్ కుర్చీ పక్కన నిలబడి తన పళ్లెం ఖాళీ చేశాడు. జబ్బు మనిషికి బలం కావాలి కదా, నా పళ్లెంలోంచి ఇంకో ముద్ద వేశాను.

జూన్ 13, గురువారం

కట్టు మార్చాను. ఒబియెరో కంచె మీంచి చూశాడు. నేనూ చూశాను.

జూన్ 20, గురువారం

పుండు మూసుకుంది. రువోత్ రెండు కాళ్ళ మీద నిలబడ్డాడు. కంచె దాకా నడిపించుకెళ్ళి, అవతలికి వినపడేలా "నడువు నాయనా, నిన్ను లాగేవాడు చెయ్యి వదిలేశాడు" అన్నాను. ఒబియెరో అటు తిరిగి మొక్కజొన్న దంట్లు నరుకుతున్నట్టు నటించాడు. నరకడానికి అక్కడ దంట్లే లేవు.

జూన్ 28, శుక్రవారం

మళ్ళీ వచ్చింది. అదే కాలు, అదే చోటు, ఈసారి ఇంకా పెద్దది.

నా వైద్యంలో లోపం లేదు. మరి ఎక్కడి నుంచి వచ్చింది? ఒబియెరో కంచె నుంచి. పోయిన నెలే ముళ్ళ కొమ్మలు కొత్తగా నాటాడు, అవి విరిగి నా వైపే పడుతున్నాయి. ముల్లు గుచ్చి, పైగా శాపం అని పేరు పెడతాడా!

జూలై 2, మంగళవారం

ఒబియెరో పెద్దల మాట మోసుకొచ్చాడు. గడప బయటే నిలబడి, టోపీ చేతిలో పట్టుకుని, పాఠం అప్పగించినట్టు చెప్పాడు. ఆగస్టు పదిహేడున ఏడాది ప్రార్థన. ఎక్కడెక్కడి బంధువులూ వస్తారు. అంతమంది ముందు ఈ ఇంట్లో కుంటి పుంజు తిరగడం వంశానికి నామోషీ అట.

"ఆ రోజుకి అది రెండు కాళ్ళ మీదా తిన్నగా నడిస్తే నేనింక నోరెత్తను వదినా. కుంటిందా, నిప్పుల మీదికే. పెద్దలంతా అనుకున్న మాట ఇది."

"సరే," అన్నాను. "నడుస్తాడు. నువ్వు చూద్దువుగాని."

నోట్లోంచి అలా వచ్చేసింది. నలభై ఆరు రోజులుంది. అతను వెళ్ళాక తలుపు గడియ రెండుసార్లు వేసి చూసుకున్నాను. అది కోపానికే.

జూలై 5, శుక్రవారం

కత్తి తీసుకుని నా వైపు వాలిన ముళ్ళ కొమ్మలన్నీ నరికి ఒబియెరో గుమ్మం ముందు పడేసి వచ్చాను. వాళ్ళావిడ బయటికొచ్చి, "అక్కా, పొయ్యిలోకి పనికొస్తాయిలే" అని నవ్వుతూ ఎత్తుకుపోయింది. పోట్లాడదామని వెళితే కట్టెలిచ్చి వచ్చినట్టయింది.

ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూశాను. ముల్లు దిగిన గుర్తు కనిపించలేదు. కనిపించకపోతే ఏం, కొన్ని ముళ్ళు గుర్తు మిగల్చవు.

జూలై 9, మంగళవారం

సంతలో పశువుల మందుల కొట్టుకి వెళ్ళాను. పొడి మందు ఇచ్చాడు. ఎంత కోడి అని అడిగితే చేతులతో చూపించాను. "అంత కోడికి మందెందుకమ్మా, ఉల్లిపాయలు కొనుక్కెళ్ళండి" అన్నాడు. కొట్టులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆ కొట్టువాడు పుట్టినప్పుడు బొడ్డు కోసింది నేను. ఆ రోజు నా చేతిలో కత్తెర ఉందన్న సంగతి గుర్తుచేసి వచ్చాను.

జూలై 15, సోమవారం

ఎడమకాలికి కూడా మొదలైంది.

జూలై 16, మంగళవారం

నేనేం ఏడవలేదు. పొయ్యి పొగ.

జూలై 20, శనివారం

ఈ రోజు జరిగినదానికి నా ఒళ్ళు ఇంకా మండుతోంది.

పొద్దున్నే ఒక మోటారు సైకిలు ఆగింది. పశువైద్యురాలట, పేరు అపోండి. నలభై దాటి ఉంటాయి, కాళ్ళకి రబ్బరు బూట్లు, వాటి నిండా పేడ. ఇటువైపు ఆవును చూడటానికి వచ్చిందట, దారిలో నా కోడి సంగతి ఎవరో చెప్పారట. నేను పిలవలేదు. అయినా గుమ్మంలోకి వచ్చిన మనిషిని పొమ్మనలేం కదా.

కాళ్ళు చూసింది. నా కట్టు విప్పి, "కట్టు మాత్రం అద్భుతం సిస్టరమ్మా" అంది. అక్కడితో ఆగి ఉంటే టీ ఇచ్చి పంపేదాన్ని. సంచిలోంచి కొక్కెం కాటా తీసి, రువోత్‌ను గుడ్డలో మూటగట్టి వేలాడదీసింది. ఐదు కిలోల పావు.

"మన నాటు పుంజు మూడు కిలోలు దాటదు. ఇదేం కోడి, పొట్టేలా?"

అప్పుడు మొదలుపెట్టింది ఇల్లంతా చూడటం. నున్నగా మెరిసే సిమెంటు గచ్చు చూసింది. గది మూలన నా తలకంటే ఎత్తులో గోడకి బిగించిన గుండ్రటి కర్ర చూసింది. రువోత్ పడుకునేది దాని మీదే, మా ఆయన తన చేత్తో బిగించింది. కుర్చీ చూసింది. కుర్చీ పక్కన నేల మీద ఉగాలి మరక చూసింది. కడిగి బోర్లించిన పళ్లాలు చూసింది.

"ఇంట్లో ఎవరెవరుంటారు సిస్టరమ్మా?"

"నేనొక్కదాన్నే."

"పళ్లాలు రెండున్నాయి."

"ఒకటి వాడిది."

కాటా తిరిగి సంచిలో పెట్టుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది. ముల్లూ కాదు, శాపమూ కాదు. ఇంత బరువున్న కోడి రోజూ పొద్దున్నే అంత ఎత్తు నుంచి సిమెంటు మీదికి దూకితే పాదం చితికి, ఆనెకట్టి, పుండు పడక ఏమవుతుంది అంది. ఆ కర్ర తీసేయాలట, గచ్చు మీద ఎండుగడ్డి పరవాలట, పగలంతా మట్టిలో వదలాలట. ఇవన్నీ విన్నాను. నాకూ తెలిసినవే.

"కానీ ముందు ఆ భోజనం మానిపించాలి. ఇది మగమనిషి భోజనం తింటోంది. పుండు కాలిలో లేదు సిస్టరమ్మా, ఆ పళ్లెంలో ఉంది. మీరెన్ని కట్లు కట్టినా మళ్ళీ వస్తుంది."

నేను తలుపు చూపించాను. అవును, నేనే వెళ్ళమన్నాను. మందు సీసా బల్ల మీద పెట్టేసి వెళ్ళింది. ఎవరి ఇంట్లో ఎన్ని పళ్లాలుంటే ఆమెకేం?

జూలై 21, ఆదివారం

చర్చిలో పాట మధ్యలో కూడా అదే కోపం, రెండు చరణాలు తప్పాను. ఆవుల పొదుగులు పిసికే మనిషి నా పళ్లాలు లెక్కపెడుతుందా? కొందరికి కోడిగుడ్డు మీద ఈకలు పీకడమే పని.

జూలై 23, మంగళవారం

పిండి రెండు కప్పులు. ముప్పై నాలుగేళ్ళుగా రెండే. చేతికి అలవాటు. చేతిని ఏమంటాం?

జూలై 24, బుధవారం

ఒక కప్పు వేశాను. గిన్నె అడుగున ఇంత కనిపించింది. రెండోది కూడా వేశాను.

జూలై 29, సోమవారం

ఈ ఉదయం రువోత్ కూయలేదు. కర్ర మీంచి దూకి గచ్చు మీద అలాగే కూలబడ్డాడు. దూకిన చప్పుడు విన్నాను. మూడు కిలోల కోడి దూకిన చప్పుడు కాదది. పదకొండు నెలలుగా రోజూ వింటున్నాను, ఇవాళే నా చెవిన పడింది.

ఇంకా పంతొమ్మిది రోజులు.

స్టూలు వేసుకుని, రంపం పట్టుకుని, కర్ర కోయడం మొదలుపెట్టాను. మేకులు ఊడదీద్దామంటే రావు. ఎంత గట్టిగా కొట్టాడో! ఆ మనిషి ఏది చేసినా అంతే. నాలుగు మేకులు చాలే చోట పదకొండు కొడతాడు. ఇద్దరు పట్టుకోవాల్సిన ఇనుప గేటు ఒక్కడే ఎత్తుతానంటాడు. గుండె బాగాలేదురా నాయనా, వద్దు అని ఇంట్లో నర్సు మొత్తుకుంటున్నా వినడు. కంచె అవతల తమ్ముడున్నాడు, ఒక్క కేక వేస్తే పరుగెత్తుకొస్తాడు. వేయడు! అడిగితే చిన్నతనం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నేను సంత నుంచి వచ్చేసరికి గేటు నేల మీద, దాని పక్కన ఆయన, ఆయన పక్కన రువోత్ నిలబడి ఉన్నాడు.

కర్ర రెండు ముక్కలై కింద పడింది. స్టూలు మీదే కూర్చుని తిట్టాను. ఒబియెరోని కాదు, అపోండిని కాదు. ఆయనను. ముప్పై నాలుగేళ్ళలో ఎప్పుడూ అనని మాటలన్నీ అన్నాను. రువోత్ వింటూ కూర్చున్నాడు.

ఆగస్టు 1, గురువారం

గది మూల ఎండుగడ్డి మందంగా పరిచాను. జానెడు ఎత్తున వెడల్పాటి చెక్క వేశాను, వాడు పడుకోవడానికి. పగలంతా అరటిచెట్ల కింద తడి మట్టిలో. సాయంత్రం గుప్పెడు గింజలు, అంతే. ఇదంతా అపోండి చెప్పిందని కాదు. ఎవరైనా చెప్పగలిగిందే చెప్పింది ఆమె.

భోజనం వేళకి కుర్చీ పక్కకి వచ్చి నిలబడ్డాడు. మెడ సాచి నన్నే చూశాడు. నేను గోడ వైపు తిరిగి తిన్నాను. రెండు కప్పుల ఉగాలి ఒక్కదాన్ని తినలేను. మిగిలింది పొద్దున టీతో తింటున్నాను. ఇది మూడో రోజు. గొంతు దిగడం లేదు.

ఆగస్టు 8, గురువారం

అపోండి మళ్ళీ వచ్చింది. ఈసారి టీ ఇచ్చాను. రెండు కాళ్ళూ శుభ్రం చేసి, గడ్డలు తీసి, సూది వేసింది. నేను పట్టుకున్నాను. కట్టు మాత్రం నన్నే కట్టమంది. బరువు నాలుగు కిలోల ముప్పావుకి దిగింది. కోసిన కర్ర చూసింది కానీ ఏమీ అనలేదు, ఆ మాత్రం మర్యాద ఉంది.

వెళ్తూ వెళ్తూ నోరు జారింది. మొదటిసారి ఆమెను పంపింది ఎవరో కాదు, ఒబియెరో. ఫోను చేసి, ఎలాగైనా పదిహేడుకల్లా ఆ కోడి నడవాలి, నా పేరు చెప్పొద్దు అన్నాడట.

ఎంత గుండె! జబ్బు కోడి మాంసం సహించదు కాబోలు, బాగుచేయించి మరీ తిందామని. కంచె దాకా వెళ్ళాను అడిగేద్దామని. అతను పెరట్లో ఒక్కడే కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు. వెనక్కి వచ్చేశాను.

ఆగస్టు 14, బుధవారం

ఎడమకాలు పూర్తిగా మానింది. కుడికాలికి కొత్త చర్మం వచ్చింది, పల్చగా. ఈ ఉదయం నేల మీద నిలబడి కూశాడు. ఇంకా మూడు రోజులు.

ఆగస్టు 17, శనివారం

జనం వెళ్ళారు. రేపు రాస్తాను.

ఆగస్టు 18, ఆదివారం

ప్రార్థన అయింది, భోజనాలయ్యాయి. తర్వాత ముగ్గురు పెద్దలు చెట్టు నీడన కుర్చీలు వేయించుకున్నారు. ఒబియెరో గేటు దగ్గర నిలబడి గుప్పెడు మొక్కజొన్నలు చల్లాడు. నేను గడపలో రువోత్‌ను నేల మీద దించాను. గడప నుంచి గేటుకి నలభై అడుగులు. అందరూ మాటలాపి చూశారు.

నడిచాడు. దొరలాగే నడిచాడు, అటూ ఇటూ చూసుకుంటూ, ఎవరినీ లెక్కచేయకుండా. గేటు దగ్గరికి వచ్చాక, సరిగ్గా గింజల ముందు, రాయి మీద అడుగేసి కుడికాలు చటుక్కున ఎత్తేశాడు. ఒక్క క్షణమే. అంతా చూశారు. నేనూ చూశాను.

పెద్దాయన ఒకరు, "కుంటింది కదరా" అన్నారు.

"నాకు కనపడలేదు," అన్నాడు ఒబియెరో. "తిన్నగానే నడిచింది."

"అందరికీ కనపడింది."

"అన్న కోడి, తినాల్సింది నేను. నేను చెప్తున్నా, తిన్నగానే నడిచింది."

అక్కడితో అయిపోయింది. నాకు సంతోషం రావాలి కదా, ఒళ్ళు మండింది. నా కోడిని నాకు దానం చేయడానికి ఇతనెవరు? జనమంతా కదిలాక గేటు దగ్గర పట్టుకుని అడిగేశాను. తినాలన్నావు, డాక్టరుని నువ్వే పంపావు, ఇప్పుడు లోకం ముందు అబద్ధమాడావు, నీ సంగతేమిటి అని.

అతను గేటు పట్టుకుని నిలబడ్డాడు. అదే గేటు. నా వైపు చూడకుండా చెప్పాడు.

"ఆ రోజు అన్న దీన్ని ఎత్తుతుంటే నేను ఇంట్లోనే ఉన్నా వదినా. ఇనుము చప్పుడు వినపడుతూనే ఉంది. పిలుస్తాడులే, పిలిచాక పోదాం అని కూర్చున్నా."

"ఆయన పిలవలేదు."

"పిలవలేదు. నేనూ రాలేదు." గేటు గడియ కదుపుతూ అన్నాడు, "ఆ కోడి తింటే తీరుతుందనుకున్నా. నువ్వది దాచేశావు. ఎవరి కోడినో నమిలాను, గొంతు దిగలేదు. ఆ కోడి నీకెంత ముఖ్యమో తెలిశాక ఇంక అడగబుద్ధి కాలేదు, కానీ పెద్దల ముందు అనేసిన మాట. అందుకే డాక్టరమ్మకి ఫోను చేశా."

ఏడాదిగా నేను ఈ మనిషిని కంచె మీంచి తిడుతున్నాను. ఏడాదిగా వాళ్ళ అన్న పళ్లెం కోడికి పెడుతున్నాను. సొంత తమ్ముడు గడప బయట నిలబడి ఉన్నాడు. ఇంత చదువుకున్నదాన్ని, ఇన్ని పుండ్లు చూసినదాన్ని!

"లోపలికి రా," అన్నాను. "పొద్దుగూకుతోంది. పిండి ఎప్పుడూ రెండు కప్పులే వేస్తాను."

టోపీ తీసి గడప దాటాడు. కుర్చీలో కూర్చోబోయి ఆగాడు. కూర్చోమన్నాను. అన్నకి పెట్టే పళ్లెంలోనే పెట్టాను, ఉగాలి, ఒమెనా, ఆకుకూర. రువోత్ వచ్చి కుర్చీ పక్కన నిలబడ్డాడు. ఒబియెరో ముద్ద తుంచి కిందికి చేయి చాపాడు. పెట్టావంటే ఊరుకోను అన్నాను. చేయి వెనక్కి తీసుకుని తనే తిన్నాడు.

మూడో ముద్దకి అన్నాడు, "ఉప్పు తక్కువైంది వదినా."

ముప్పై నాలుగేళ్ళు రోజూ విన్న మాట. కంఠం కూడా అదే. ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఉప్పు డబ్బా అతని ముందుకి తోసి, పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. పొయ్యి అక్కడ లేదు.

ఆగస్టు 19, సోమవారం

పిండి ఒక కప్పు. సరిపోయింది.

రువోత్ కుడికాలి కట్టు ఇంకో వారం ఉంచాలి.

మా ఆయన చనిపోయాడు. పోయినేడాది ఆగస్టు పదిహేడున, గేటు ఎత్తుతూ. తమ్ముణ్ణి పిలవాల్సింది.